ఏడాదిన్నరగా మా సర్వర్‌కి కాపలా: డిస్కార్డ్ ఆటోమాడ్ గురించి నా మాట

డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో మా గుంపుకి ఒక సర్వర్ ఉంది, అంటే అందరం కలిసి మాట్లాడుకునే చోటు. అక్కడ చెడ్డ మాటలని పట్టుకునే ఏర్పాటే ఆటోమాడ్. మా సర్వర్‌లో ఇప్పుడు పద్నాలుగు వందల మంది ఉన్నారు. గుంటూరు, విజయవాడ, తెనాలి, మంగళగిరి కుర్రాళ్ళే ఎక్కువ. ఉద్యోగాలకని హైదరాబాద్, బెంగళూరు వెళ్ళినవాళ్ళు కొందరు. అమ్మాయిలం ఒక అరవై మందిమి ఉంటాం. బీజీఎంఐ, వాలరెంట్ అనే తుపాకీ ఆటలు ఆడతాం, ఆట అయ్యాక కూర్చుని మాట్లాడుకుంటాం. నేను పగలు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. రాత్రి తొమ్మిదింటికి బ్రాడీపేటలో మా ఇంటికొచ్చి, అన్నం తిని, సర్వర్ తెరుస్తాను. నాతోపాటు మోడరేటర్లు, అంటే మాటలు అదుపు తప్పకుండా చూసుకునేవాళ్ళు, ఇంకో ఇద్దరు ఉన్నారు: తెనాలి నుంచి ఒక తమ్ముడు, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఇంకో కుర్రాడు. ముగ్గురం జీతం లేకుండా చేస్తున్న పని ఇది. మాలాగే తెలుగు గేమర్ల గుంపుని చూసుకునేవాళ్ళకి ఏదైనా పనికొస్తుందని రాస్తున్నాను.

2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ని మన దేశంలో నిషేధించారు. 2021 జూలైలో దాని బదులు బీజీఎంఐ వచ్చింది. మా గుంపు మొదలైంది ఆ నెలలోనే, ఒక చాట్ గ్రూపుగా. అప్పట్లో 256 మందికి మించి చేర్చుకునే వీలు ఉండేది కాదు. ఎవరైనా బూతు పెడితే అడ్మిన్‌గా దాన్ని తీసేసే దారి కూడా అప్పుడు నాకు ఉండేది కాదు, మనిషిని గ్రూపులోంచి తీసేయడమే. ఒక మాటకి ఒక మనిషిని తీసేయాలంటే చెయ్యి రాదు. అలా చూస్తూ ఊరుకున్నందుకు నలుగురు అమ్మాయిలు ఒకే వారంలో వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకరు నాతో ఇంటర్ చదివిన స్నేహితురాలు. ఆ తర్వాతే డిస్కార్డ్‌కి మారాం.

డిస్కార్డ్‌లో ఆటోమాడ్ 2022 జూన్‌లో వచ్చింది. అంతకుముందు ఇలాంటి పనికి బయటి బాట్‌ని (తనంతట తాను పనిచేసే ప్రోగ్రాంని) తెచ్చి పెట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు సర్వర్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా ఒక మెసేజ్ రాసి పంపగానే, అది మిగతావాళ్ళకి కనపడకముందే మనం ఇచ్చిన మాటల జాబితాతో పోల్చి చూస్తుంది. జాబితాలోది కనపడితే మూడు పనులు చేయగలదు: మెసేజ్‌ని ఆపేయడం, మోడరేటర్లకి కబురు (అలర్టు) పెట్టడం, రాసినవాళ్ళని కాసేపు మాట్లాడకుండా చేయడం. ఈ మూడింటిలో ఏది కావాలో రూల్‌కి రూల్‌కి విడిగా పెట్టుకోవచ్చు. సొంత మాటల జాబితాతో ఆరు రూల్స్ దాకా పెట్టుకోవచ్చు. ఒక్కోదానిలో వెయ్యి మాటలు పడతాయి. ఆరు వేల మాటలంటే ఎవరికైనా చాలుతుంది అనుకున్నాను. తెలుగువాళ్ళు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారన్న సంగతి అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు.

ఒకే బూతుని మావాళ్ళు ఎన్ని రకాలుగా రాస్తారో ఒక ఆదివారం కూర్చుని లెక్కపెట్టాను. చివర దీర్ఘం ఒకరు రెండు అక్షరాలతో రాస్తారు, ఒకరు నాలుగు పెడతారు. ఇంగ్లీషు 'a' బదులు @ పెడతారు, 'o' బదులు సున్నా పెడతారు. మధ్యలో చుక్కలు పెడతారు. హెచ్ ఒకరు వేస్తారు, ఒకరు వేయరు. ఒక్క మాటకి ఇరవై మూడు రూపాలు తేలాయి. వీటికి విరుగుడుగా మాట ముందూ వెనకా * పెడితే, ఆ ముక్క ఎక్కడ ఉన్నా పట్టుకుంటుంది. సంతోషంగా అన్నిటికీ నక్షత్రాలు పెట్టేశాను.

మర్నాడు రాత్రి ఆట మొదలైన గంటకి నలభై ఏడు అలర్టులు వచ్చాయి. తెరిచి చూస్తే ఒక్క బూతు కూడా లేదు. "బండితో గుద్దేశాడు మామా" అని ఒకడు. "గుడ్డిగా దూకొద్దు రా, కింద స్క్వాడ్ ఉంది" అని ఇంకొకడు. "ఆగండి, ఒక గుడ్డు వేసుకుని తినేసి వస్తా" అన్నవాడు ఒకడు. బీజీఎంఐ ఆడేవాళ్ళకి తెలుసు, జీపుతో గుద్దడం ఆ ఆటలో రోజూ జరిగేదే. మన 'డ'కీ 'ద'కీ ఇంగ్లీషులో రాస్తే ఒకటే అక్షరం. గుడ్డ, గుడ్డు, గుడ్డి, గుద్దు అన్నీ నేను రాసిన ఆ ఒక్క ముక్క కిందకే వచ్చేశాయి. తప్పు ఆటోమాడ్‌ది కాదు, అది నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. తెలుగు లిపిలో రాస్తే రెండూ వేరే మాటలు, ఏ గొడవా ఉండదు. కానీ ఆట మధ్యలో తెలుగు కీబోర్డుకి మారి రాసేవాళ్ళు మా సర్వర్‌లో ఇరవై మందికి మించి లేరు.

అప్పుడు రెండు పనులు చేశాం. నక్షత్రాలు చాలావరకు తీసేసి, ఎక్కువ కనపడే రూపాలని పూర్తి మాటలుగా రాశాం. రకరకాలుగా సాగదీసి రాసేవాటికి రెజెక్స్ వాడాం, అంటే ఒకే నమూనాతో ఒక మాట రూపాలన్నిటినీ పట్టుకునే రాత. ఒక్కో రూల్‌లో పది రెజెక్స్ నమూనాలు పెట్టుకోవచ్చు, ఒక్కోటి 260 అక్షరాలకి మించకూడదు. హాస్టల్ కుర్రాడు కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాడు కాబట్టి అది వాడి చేతికి వచ్చింది. నాలాంటి వాళ్ళకి అది మొదట్లో కొరుకుడు పడదు. ఇక తప్పుగా ఆగిపోయే మంచి మాటలని 'వదిలేయాల్సినవి' అని పక్కన రాసుకునే చోటు ఉంది, దానిలో రూల్‌కి వంద మాటలు పడతాయి. 'గుద్దేశాడు', 'గుద్దాడు', 'గుడ్డిగా' అన్నీ అక్కడ చేరాయి.

ఇంకో సంగతి ఇంకా బరువైనది. తల్లుల మీద తిట్లకి మేం ఒక రూల్ విడిగా పెట్టాం. దానికి 'నీ అమ్మ' అనే రెండు మాటలు కలిపి, చివర నక్షత్రం పెట్టి ఇచ్చాను. ఆ రూల్ తగిలితే మెసేజ్ ఆగుతుంది, పది నిమిషాలు మాట్లాడే వీలుండదు. టైమవుట్ పడితే టైప్ చేయడానికీ ఉండదు, వాయిస్‌లో నోరు విప్పడానికీ ఉండదు. ఇలాంటి తిట్లు ఎక్కువ కాబట్టి గట్టిగానే పెట్టాను.

మార్చిలో యార్డుకి సరుకు పోటెత్తే రోజులు. ఆ రాత్రి పదిన్నరకి గానీ ఆఫీసు నుంచి బయటపడలేదు. శంకర్ విలాస్ దగ్గర ఆటో దిగి ఫోన్ చూస్తే, ఎనిమిదిన్నరకి వచ్చిన అలర్టు ఒకటి ఉంది. అలర్టులో రాసినవాడి పేరు, ఏ రూల్ తగిలింది, ఏ మాట దగ్గర ఆగింది, మొత్తం మెసేజ్ అన్నీ కనపడతాయి. ఆ మెసేజ్ ఇది: "నీ అమ్మకి ఎలా ఉంది రా ఇప్పుడు? తిన్నావా?"

మంగళగిరి కుర్రాడి వాళ్ళమ్మకి ఆ రోజు ఆపరేషన్ అయింది. వాడు ఆస్పత్రి వరండాలో కూర్చుని ఫోన్‌లో మా సర్వర్ చూస్తున్నాడు. వాడితో రోజూ ఆడే స్నేహితుడు అడిగిన మాట అది. ఆగిపోయింది. అడిగినవాడికి పది నిమిషాలు నోరు కట్టేశాం. ఆస్పత్రిలో ఉన్నవాడికేమో, ఇంతమందిలో ఒక్కరు కూడా అడగలేదనిపించింది. నేను రోడ్డు పక్కన నిలబడి ఇద్దరికీ విడివిడిగా మెసేజ్ పెట్టాను. మంగళగిరి తమ్ముడికి ఆగిపోయిన ఆ వాక్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపాను. "వాడు అడిగాడా అక్కా" అని రెండు నిమిషాలకి జవాబు వచ్చింది. ఆ రాత్రి ఇంటికెళ్ళి ఆ రూల్ మొత్తం తిరగరాశాను.

ఇప్పుడు మా దగ్గర పద్ధతి ఇది. మెసేజ్‌ని ఆపేసే రూల్స్ రెండే. ఒకటి ఏ విధంగా చూసినా తిట్టు తప్ప ఇంకోటి కాని మాటలకి, రెండోది అమ్మాయిలని ఉద్దేశించి రాసే కొన్ని మాటలకి. మిగతా నాలుగూ అలర్టు మాత్రమే పంపుతాయి. మెసేజ్ వెళ్ళిపోతుంది, మేం చూసి నిర్ణయిస్తాం. ఆటోమాడ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ ఏర్పాటే. మిషన్ చేత పట్టించుకుని మనిషి తీర్పు చెప్పే వీలు అది ఇస్తుంది. ఆగినవాళ్ళకి చూపించే మాట కూడా మనమే రాసుకోవచ్చు, 150 అక్షరాల దాకా. మేం తెలుగులో ఇలా రాశాం: "ఈ మాట ఇక్కడ ఆగింది. తప్పుగా ఆగిందనిపిస్తే అక్కకి చెప్పండి." చెప్తున్నారు కూడా. వారానికి నలుగురైదుగురు చెప్తారు, వాటిలో సగానికి పైగా వాళ్ళ మాటే నిజం.

అసలు తెలుగులో తిట్టేది ఏదో, ముద్దుగా పిలిచేది ఏదో జాబితాలో రాయలేం. "ఒరేయ్ ఎదవా, ఎక్కడున్నావు రా" అని పదేళ్ళ స్నేహితుడు అంటే దానిలో ప్రేమ ఉంది. నిన్న చేరినవాడు అదే మాట అంటే గొడవ. సన్నాసి, దరిద్రుడు అన్నవీ అంతే. బావా అని పిలిస్తే మగవాళ్ళ మధ్య చనువు. ముక్కూ మొహం తెలియని అమ్మాయి మెసేజ్ కింద అదే బావ మాట "నన్ను బావా అని పిలువు" అని వస్తే నాకు కోపం వస్తుంది. బూతు ఒక్కటీ లేని వాక్యం అది.

మన ప్రాంతంలో ఉన్న ఇంకో జబ్బు కులం. కొత్తవాడు సర్వర్‌లో చేరి, రెండు మ్యాచ్‌లు బాగా ఆడాడో లేదో, "బ్రో, ఇంటిపేరు ఏంటి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇంకాస్త తెగించినవాళ్ళు "మీరేవిట్లు?" అని నేరుగానే అడుగుతారు. ఏ దేశంలో తయారైన ఫిల్టర్‌కైనా ఇందులో తప్పు ఏం కనపడుతుంది? ఇంటిపేరు అడగడం మర్యాదే కదా. కానీ గుంటూరులో, బెజవాడలో పుట్టినవాళ్ళకి ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో తెలుసు. జవాబు చెప్పాక కొందరు దగ్గరవుతారు, కొందరు స్క్వాడ్‌లోకి పిలవడం మానేస్తారు. పోయినేడాది ఒక పదహారేళ్ళ కుర్రాడు ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక సర్వర్ వదిలి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నాకు ఒక్క లైను రాశాడు: "ఇక్కడ కూడా అడుగుతారని అనుకోలేదు అక్కా." ఆ రోజే 'ఇంటిపేరు', 'ఏవిట్లు' అన్న మాటలకి ఒక అలర్టు రూల్ పెట్టాం. అలర్టు రాగానే ముగ్గురిలో ఎవరు మేలుకుని ఉంటే వాళ్ళు అక్కడికి వెళ్ళి, అడిగినవాడిని విడిగా పిలిచి చెప్తాం. మూడోసారి అడిగితే సర్వర్ నుంచి బయటికి. ఆరు రూల్స్‌లో దేన్నైనా వదులుకుంటాను గానీ ఈ ఒక్కదాన్ని వదులుకోను.

ఆటోమాడ్ చూసేది రాసిన మాటలనే, వాయిస్‌లో అన్న మాట దాని చెవిన పడదు. ఆడపిల్లలకి అసలు కష్టం అక్కడే. నా గొంతు వినపడగానే "ఒరేయ్ అమ్మాయి రా" అన్న మాటతో ఆట ఆగిపోయిన రోజులు నాకు గుర్తున్నాయి. అందుకని రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా వాయిస్ చానల్స్‌లో మాలో ఒకరం తప్పకుండా ఉంటాం. పన్నెండు దాటాక ఆ చానల్స్ మూసేస్తాం. ఇంకో విషయం కూడా తెలుసుకుని పెట్టుకోండి. సర్వర్ నడిపే అధికారం ఉన్నవాళ్ళ మెసేజ్‌లకి ఈ రూల్స్ వర్తించవు. నేను బూతు రాస్తే ఆపే దిక్కు లేదు. కాబట్టి ఆ అధికారం ఎవరికి ఇస్తున్నారో చూసుకుని ఇవ్వండి. మేం నా ఒక్కదాని దగ్గరే ఉంచుకున్నాం, మిగతా ఇద్దరికీ కావాల్సినంత మటుకే ఇచ్చాం.

స్టార్లు ఇవ్వమంటే ఐదుకి నాలుగు ఇస్తాను. కాపలా వరకు అది.

చెడ్డ మాటని ఆపడం ఒక పని, మంచి మాటని పైకి తేవడం ఇంకో పని. ఆ రెండో పని ఆటోమాడ్‌ది కాదు, దానికి మేం పడ్డ తిప్పలు వేరే. మొదట్లో బయటి బాట్ ఒకటి తెచ్చి, ప్రతి మెసేజ్ కింద బొటనవేలు పైకి, కిందకి పెట్టాం. పైకి పెడితే ఒక మార్కు, కిందకి పెడితే ఒక మార్కు కోత. నెలాఖరుకి ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళకి సర్వర్‌లో పేరు పక్కన రంగు. అందరికీ నచ్చింది. పది రోజులు బాగానే నడిచింది.

పొన్నూరు కుర్రాడు ఒకడున్నాడు. ఆట మీద వాడికున్న శ్రద్ధ నాకు లేదు. ఒక శనివారం బీజీఎంఐలోని ఎరాంగెల్ మ్యాప్ మీద పెద్ద పోస్టు రాశాడు. ఆ మ్యాప్‌లోని పొచింకి అనే ఊళ్ళో దిగితే మొదటి సర్కిల్ (బతకాలంటే లోపలే ఉండాల్సిన వలయం) ఎటు పడితే ఎటు కదలాలో, ఏ గుట్ట వెనక బండి వదిలేయాలో, ఎం416 తుపాకీకి ఏ అటాచ్‌మెంట్లు పెట్టుకుంటే ఆగకుండా కాల్చినా చేతిలో నిలుస్తుందో, తన మ్యాచ్‌ల స్క్రీన్‌షాట్లతో సహా రాశాడు. దానికి మైనస్ ముప్పై ఒకటి వచ్చింది. కారణం వాడి ప్రొఫైల్ ఫోటోలో ఉన్న సినిమా హీరో. ఆ వారం ఇద్దరు హీరోల అభిమానుల మధ్య గొడవ నడుస్తోంది. రెండో హీరో అభిమానులు గుంపుగా వచ్చి, పోస్టు చదవకుండానే అందరూ వేలు కిందకి పెట్టి వెళ్ళారు. అదే రోజు ఒక పాత మీమ్‌కి ప్లస్ డెబ్బై. పొన్నూరు కుర్రాడు ఆ పోస్టు తీసేశాడు. నేను అడిగితే మళ్ళీ పెట్టాడు, కానీ తర్వాత రెండు నెలలు ఏమీ రాయలేదు.

ఆ బాట్‌ని తీసేశాం. మార్కుల పద్ధతి ఎలా పెడితే గుంపు చేతికి చిక్కకుండా ఉంటుందో అని వెతికితే, తెనాలి తమ్ముడు స్లాష్‌డాట్ సంగతి తీసుకొచ్చాడు. 1997లో మొదలైన అమెరికా సైటు అది. అక్కడ అందరూ ఎప్పుడుపడితే అప్పుడు మార్కులు వేయలేరు. కొంతమందికి, కొన్ని రోజులకి, ఐదు పాయింట్లు ఇస్తారు. మూడు రోజుల్లో వాడకపోతే పోతాయి. తాము మాట కలిపిన చర్చలో తాము మార్కులు వేయకూడదు. వేసేటప్పుడు కారణం చెప్పాలి. ఎంత నచ్చినా మార్కు ఐదు దాటదు, ఎంత నచ్చకపోయినా మైనస్ ఒకటి కిందకి దిగదు.

ఆ చివరి మాట చదివినప్పుడు నాకు పొన్నూరు కుర్రాడు గుర్తొచ్చాడు. మైనస్ ముప్పై ఒకటి అన్నది అక్కడ జరిగే అవకాశమే లేదు.

మేం దాన్ని మా స్థాయికి దించుకున్నాం. ప్రతి సోమవారం చీటీలు తీసి ఏడుగురికి ఐదేసి పాయింట్లు ఇస్తాం. గురువారం ఉదయానికి వాడాలి. వాళ్ళు వేరే చానల్‌లో ఆ మెసేజ్ లింకు పెట్టి, మార్కు, కారణం రాస్తారు. కారణాలు ఐదే: ఉపయోగపడింది, కొత్త సంగతి, నవ్వించింది, గొడవ పెట్టేది, సంగతి లేదు. తెనాలి తమ్ముడు షీటులో కూడతాడు. ఆదివారం పైన తేలిన ఐదింటిని పిన్ చేస్తాం. పని ఎక్కువే. బొటనవేలు నొక్కినంత తేలిక కాదు. కానీ కారణం రాయాల్సి వచ్చేసరికి జనం మెసేజ్ పూర్తిగా చదువుతున్నారు. ఒకసారి పాయింట్లు చేతికొచ్చినవాళ్ళు మాట్లాడే తీరు కూడా మారడం చూశాను. పొద్దస్తమానం ఫ్యాన్ గొడవల్లో ఉండే ఒకడు ఆ వారం నన్ను అడిగాడు, "అక్కా, వీడి ఆట నాకు నచ్చదు, కానీ రాసింది కరెక్టే, ఏం వేయాలి?" అని. "నువ్వే చూసుకో" అన్నాను. 'ఉపయోగపడింది' అని వేశాడు.

ఆటోమాడ్ పెట్టుకోవాలనుకునేవాళ్ళకి ఒక మాట. మొదటి నెల ఏ రూల్‌కీ మెసేజ్ ఆపే పని ఇవ్వకండి, అలర్టులు మాత్రమే పెట్టుకోండి. మీ జనం ఏ మాట ఎలా రాస్తారో ఆ నెలలో తెలుస్తుంది. మాకు మొదట్లో రోజుకి నలభై అలర్టులు వచ్చేవి, ఇప్పుడు పది పన్నెండు. అన్నీ చదవడానికి పావుగంట చాలు.

మా జాబితా అడిగినవాళ్ళకి ఇస్తున్నాను కూడా. పోయిన నెల కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు తీసుకున్నాడు, వాళ్ళ సర్వర్ చిన్నది, మూడు వందల మంది. మూడో రోజు ఫోన్ చేశాడు. "అక్కా, మా దగ్గర ఎవ్వరూ మాట్లాడలేకపోతున్నారు" అన్నాడు. మా జాబితాలో 'బే' ఉంది. గుంటూరులో ముక్కూ మొహం తెలియనివాడు "ఏం బే" అంటే చొక్కా పట్టుకునే దాకా వెళ్తుంది. వాళ్ళకేమో ఆ మాట లేకుండా స్నేహితుడిని పలకరించడమే ఉండదట. దాన్ని తీసేసుకున్నాడు. తీసేసి, వాళ్ళ వైపు బూతులు మూడు నాకు పంపాడు, నేను ఎప్పుడూ విననివి. ఈ రాత్రి వాటిని చేరుస్తున్నాను, ప్రస్తుతానికి అలర్టు మాత్రమే.